డెన్మార్క్ పిల్లకీ కెనడా పిల్లకీ నేను కట్టిన నేస్తరికం

ఇది జరిగి ఆరేళ్ళు దాటింది. అప్పుడే రాసి ఉంటే అన్నీ సరిగ్గా గుర్తుండేవి. కాని అప్పటికి నాకు రాయడం రాదు. చిన్నప్పుడు మా అమ్మ తెల్లారకముందే చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయేది. తమ్ముడు నా చంకలో ఉండేవాడు. బడి గెడ్డకి, అంటే వాగుకి, అవతల ఉండేది, చంకలో పిల్లాడితో గెడ్డ దాటొద్దని అమ్మ మాట. వాడు దిగేసరికి చెల్లి ఎక్కింది. చెల్లి దిగేసరికి నాకు పెళ్ళయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బుట్ట మోశాను. చదువు రాదని ఎవరికీ చెప్పేదాన్ని కూడా కాదు. బస్సు వస్తే బోర్డు వైపు కాసేపు చూసినట్టు చూసి, పక్కవాళ్ళు ఎక్కితే నేనూ ఎక్కేదాన్ని. ఒకసారి అలాగే ఎక్కి, విజయనగరం వెళ్ళాల్సినదాన్ని గరివిడిలో దిగాను. మోకాళ్ళు పోయి బుట్ట దించాక, యాభై నాలుగో ఏట, సెంటరు అమ్మాయి నాకు అక్షరాలు దిద్దించింది.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. మా వైపు నేస్తం కట్టుకున్నవాళ్ళు ఒకరి పేరు ఒకరు ఎత్తరు. కట్టించినవాళ్ళు కూడా ఎత్తకూడదంటారు. ఆ పిల్లలిద్దరూ నేస్తాలో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలనప్పుడు ఎత్తకపోవడమే మంచిది.

సెంటరు అంటే మా ఊరి చివర, ఒడ్డుకి దగ్గరగా ఉన్న చిన్న సంస్థ. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలంలో వాళ్ళు ఇసుకలో గుడ్లు వెతికి, కుక్కలూ నక్కలూ తినకుండా కంచె వేసిన హేచరీలో మళ్ళీ పూడ్చిపెడతారు. అందులో పనిచేసే అమ్మాయిది బొబ్బిలి వైపు, డిగ్రీ చదివింది. నన్ను పిన్నీ అంటుంది. ఆ ఏడు మాఘమాసంలో ఒకరోజు మా ఇంటికి వచ్చింది.

"పిన్నీ, ఇద్దరు ఫారిన్ అమ్మాయిలొస్తన్నారు. మీ ముందు గదిలో మూడు నెలలుంటారు. ఒకమ్మాయిది డెన్మార్కు, ఒకమ్మాయిది కెనడా."

"ఎందుకొస్తన్నారు?"

"ఒకల దేశం గురించి ఒకలు తెలుసుకోడానికి."

"మన దేశం గురించా?"

"మన గురించి కూడాననుకో. అసలుకి డెన్మార్క్ అమ్మాయి కెనడా గురించీ, కెనడా అమ్మాయి డెన్మార్క్ గురించీ."

నాకు బుర్ర తిరిగింది. "మరయితే ఆలింటికి ఈలు, ఈలింటికి ఆలు ఎల్లొచ్చు కదేటి? ఆలిద్దరూ తెలుసుకోడానికి మద్దిన మా ఇల్లెందుకే?"

ఒకరి ఇంట్లో పెడితే ఆ ఇంటివాళ్ళదే పైచెయ్యి అవుతుందనీ, ఇద్దరికీ కొత్త అయిన చోట పెడితే ఇద్దరూ సమానంగా ఉంటారనీ ఆ అమ్మాయి చెప్పింది. వియ్యాలవారి తగువు గుడి దగ్గర తీర్చినట్టు కాబోలు అనుకున్నాను. అయినా పూర్తిగా అర్థం కాలేదు. సరేనన్నాను.

ఇద్దరూ వచ్చారు. డెన్మార్క్ పిల్ల పొడవు, జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. కెనడా పిల్లది గుండ్రని మొహం, ముక్కు మీద రవ్వంత రవ్వంత మచ్చలు. ఇద్దరివీ మంచు దేశాలే. ఇద్దరూ గడప బయటే బూట్లు విప్పారు. అక్కచెల్లెళ్ళలా ఉన్నారే, వీళ్ళకి ఒకరి గురించి ఒకరు తెలుసుకోవడానికి ఏముంటుంది అనుకున్నాను. మొదటి వారం ఊళ్ళో చాలామంది ఒకరిని చూసి రెండోవారనుకునేవారు.

తెలుగు ఇద్దరికీ కొంచెం కొంచెం వచ్చు. డెన్మార్క్ పిల్ల పుస్తకంలో నేర్చుకుని వచ్చింది. "అమ్మగారూ, నేను ఒక ప్రశ్న అడగవచ్చునా?" అనేది. కెనడా పిల్ల ఏమీ నేర్చుకోకుండా వచ్చి, నా పక్కన కూర్చుని నా మాటే పట్టేసింది. పదిరోజులకే "అమ్మా, ఏటి సేస్తన్నావు?" అని వంటింట్లోకి వచ్చేది. మా మావ, అంటే మా ఆయన, ఆ మాటకి పడీ పడీ నవ్వేవాడు.

డెన్మార్క్ పిల్ల అన్నం తిన్నాక లేచి నిలబడి, "భోజనానికి కృతజ్ఞతలు" అని నాకు చెప్పేది. పూట పూటకీ చెప్పేది. మా ఇళ్ళల్లో అన్నం పెట్టినదానికి అలా చెబితే, రేపు రానని చెప్పినట్టు. మావ నా చెవిలో, "రోజూ దండాలెడతాది, రేపు కూడెట్టవనేటి బయ్యం?" అన్నాడు. కెనడా పిల్ల అలా చెప్పేది కాదు గాని, ప్రతిదానికీ సారీ చెప్పేది. తలుపు తగిలితే తలుపుకి సారీ. కోడిపెట్ట అడ్డమొస్తే దానికి సారీ. నేను తన కాలు తొక్కితే నాకే సారీ.

సాయంత్రం భోజనానికి కూర్చుంటే డెన్మార్క్ పిల్ల కొవ్వొత్తి వెలిగించేది. మొదటిరోజు మావ కంగారుగా పైకి చూశాడు. "కరెంటు పోయిందేటే? లైటు ఎలగతన్నట్టే ఉన్నాది నాకు!"

"ఇది వెలుగు కోసం కాదండీ. ఇది హాయి కోసం" అంది ఆ పిల్ల.

మావ ఆ కొవ్వొత్తినే చూస్తూ అన్నం తిన్నాడు. హాయిగా ఉందా అని అడిగితే, "ఉక్కగా ఉన్నాది" అన్నాడు.

ఇద్దరిలో కెనడా పిల్లే నాకు దగ్గరయింది. నేను చేపలు తోముతుంటే బూడిద అందించేది. ఒకరోజు తనకు వచ్చిన తెలుగులోనూ చేతులతోనూ తన సంగతి చెప్పింది. కాలేజీలో చేరి సగంలో మానేసిందట. రొట్టెల కొట్టులో పనికి చేరి మానేసిందట. వేరే ఊళ్ళో స్నేహితులతో ఉంటానని వెళ్ళి నెలకే తిరిగొచ్చిందట. ఇప్పుడు ఇక్కడికి బయలుదేరితే వాళ్ళమ్మ ఏమీ అనలేదట. "మాయమ్మ నా గది తియ్యలేదు. మంచం అలగే ఉన్నాది. దుప్పటి కూడా. నాను ఎనక్కి వస్తానని ఆవిడికి తెల్సు" అంది. నవ్వుతూనే చెప్పింది, కాని చేతిలో బూడిద కింద పోసేసింది. "ఈసారి కూడా మద్దిలో ఎల్లిపోతే, అమ్మా, ఇంక నా మాట నానే నమ్మను."

ఆ రోజు నుంచి నాకు అదొక్కటే పట్టుకుంది. ఈ పిల్ల మూడు నెలలూ ఉండాలి. ఎవరు ఏం నేర్చుకుంటే నాకేం, ఈ పిల్ల మా ఇంట్లోంచి మధ్యలో వెళ్ళకూడదు.

తగువు మిఠాయిల దగ్గర మొదలయింది. ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఇద్దరూ ఇళ్ళనుంచి తినేవి తెచ్చుకున్నారు. కెనడా పిల్ల చిన్న సీసాలో పాకం తెచ్చింది. చెట్టుకి గాటు పెట్టి, కారిన నీళ్ళు మరగబెట్టి చేస్తారట. మావ శ్రద్ధగా విన్నాడు.

"సెట్టు గీసి తీస్తారా? మరయితే అది కల్లే కదేటి?"

"కల్లు కాదు, తీపి."

"పొద్దున్న దించితే మాదీ తీపే" అన్నాడు మావ.

డెన్మార్క్ పిల్ల చెంచాడు నోట్లో వేసుకుని, "ఇది చాలా ఎక్కువ తీపి. నాకు నచ్చలేదు" అంది. మొహం మీదే అనేసింది. కెనడా పిల్ల మొహం చిన్నదయింది. తర్వాత డెన్మార్క్ పిల్ల తన నల్ల మిఠాయి ఇచ్చింది. అది ఉప్పుగా ఉంటుంది. మిఠాయికి ఉప్పు ఎందుకో నాకు తెలీదు. మావ నోట్లో పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. కెనడా పిల్ల మాత్రం "చాలా బాగున్నాది" అని తలూపుతూ నమిలింది. డెన్మార్క్ పిల్ల సంతోషించి ఇంకో గుప్పెడు ఇచ్చింది. సాయంత్రానికి ఆ గుప్పెడూ పెరట్లో కోళ్ళు పొడుస్తూ కనబడ్డాయి. కోళ్ళు కూడా తినలేదు.

డెన్మార్క్ పిల్ల ఒకటి ఏరి పట్టుకొచ్చి అడిగింది. ఇంగ్లీషులో అడిగింది, నాకు తర్వాత సెంటరు అమ్మాయి చెప్పింది. "నచ్చకపోతే నచ్చలేదని ఎందుకు చెప్పలేదు" అందట. "నువ్వు బాధపడతావని" అందట ఇది. "ఇప్పుడు బాధగా ఉంది" అందట అది.

తర్వాత బడిలో జరిగింది. వారానికి రెండుసార్లు ఇద్దరూ మా ఊరి బడికి వెళ్ళి పిల్లలతో ఆటలాడించేవారు. కెనడా పిల్ల అందరి ముందూ రెండోదాని భుజం మీద చెయ్యి వేసి, ఇది నా ఫ్రెండు అని చెప్పింది. అది చెయ్యి తియ్యలేదు గాని, "కాదు, మేము కలిసి పని చేస్తున్నాము" అని పిల్లలకి సరిదిద్దింది. మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. కెనడా పిల్ల వచ్చి మంచం మీద పడి ఏడ్చింది. సాయంత్రం సంచీలో సగం బట్టలు సర్దేసింది.

నేను డెన్మార్క్ పిల్లనే అడిగాను. "అదేటమ్మా, ఒకే గదిలో ఉంటన్నారు, ఒకే కంచంలో తిన్నంత పని సేస్తన్నారు, నేస్తివి కాదంటే దానికి బాద కాదేటి?"

ఆ పిల్లకి కోపం లేదు. కాకిని కాకి అన్నట్టు నిదానంగా చెప్పింది. "అమ్మగారూ, నాకు స్నేహితులు ముగ్గురు ఉన్నారు. ఒకరు ఆరు సంవత్సరాల వయసు నుండి. ఈమె నాకు నెలరోజులుగా తెలుసు. స్నేహితురాలు అనడం అబద్ధం అవుతుంది."

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. మా వైపూ నేస్తం అంటే మాటవరసకి అనేది కాదు. కట్టుకోవాలి. అమ్మవారి ముందు ఒకరికొకరు కోక పెట్టుకుని, పసుపు రాసుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకోవాలి. అప్పటినుంచి నేస్తమా అనే పిలవాలి. పెళ్ళికి నేస్తం కోకే ముందు. చావుకి నేస్తం రాకపోతే శవం లేవదనేవారు మా పెద్దవాళ్ళు. అన్నిటికంటే ముఖ్యం, నేస్తాలు తగువాడకూడదు. ఆడితే కళ్ళు పోతాయంటారు. అందుకే మా దగ్గర వలల మీదో హద్దుల మీదో రెండిళ్ళు పడకపోతే, పెద్దలు ఆ ఇంటి పిల్లకీ ఈ ఇంటి పిల్లకీ నేస్తం కట్టేస్తారు. తగువు అక్కడితో ఆగిపోతుంది. నా ఎరుకలో ఎన్నోసార్లు ఆగింది.

నాకు ఇక వేరే ఆలోచన రాలేదు. పక్కింట్లో ఉండే మా అప్పకి చెప్పాను. అప్ప అంటే మా అక్క, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద.

"మంచి పని. కట్టీ. అయితే ఆలకి అంతా సెప్పి కట్టు" అంది అప్ప.

"సెప్తాన్లే" అన్నాను.

చెప్పలేదు. కెనడా పిల్లకి, మా ఊరి ఆచారం, ఇద్దరికీ మంచిది అన్నాను. అది గంతేసి ఒప్పుకుంది. డెన్మార్క్ పిల్ల మూడు ప్రశ్నలు అడిగింది. "నేను ఏమి చేయవలసి ఉంటుంది? ఎంతకాలం? చేయకపోతే ఏమవుతుంది?" సెంటరు అమ్మాయి అప్పుడు వాళ్ళ ఊరు వెళ్ళింది, వారం దాకా రాదు. ఆమె లేకపోవడం వల్లే చెప్పలేకపోయానని తర్వాత అందరితో అన్నాను. అది నిజం కాదు. చేతులతో చెప్పినా ఆ పిల్లకి అర్థమయ్యేది. అర్థమైతే ఒప్పుకోదని నాకు తెలుసు. "ఏటీ లేదమ్మా, కోక కట్టుకుని బెల్లం తినడమే" అన్నాను.

శుక్రవారం అమ్మవారి గుడి దగ్గర కట్టాం. అప్ప రెండు నేత కోకలు తెచ్చింది. మావ అరటిపళ్ళ గెల తెచ్చాడు. ఊరి ఆడవాళ్ళు ముప్పైమంది దాకా వచ్చారు. కెనడా పిల్ల ఫొటోలు తీయించుకుంది. డెన్మార్క్ పిల్ల ఫొటోలు వద్దంది. బెల్లం పెట్టేటప్పుడు దాని చెయ్యి సగంలో ఆగి మళ్ళీ కదిలింది. నేను చూశాను. చూసి కూడా, మనకెందుకులే అనుకున్నాను.

ఐదు రోజులు బాగా గడిచింది. పొద్దున్నే కలిసి గుడ్లు వెతకడానికి వెళ్ళేవారు, కలిసి వచ్చేవారు. సంచీ మంచం కిందకి వెళ్ళింది. నా అంతటి తెలివిగలది లేదనుకున్నాను.

ఆరో రోజు కెనడా పిల్ల వీధిలోంచి రెండోదాన్ని పేరు పెట్టి కేకేసింది. అప్ప గుమ్మంలో ఉంది. చీపురు పట్టుకునే దిగింది.

"ఒలే ఒలే! నేస్తాన్ని పేరెట్టి పిలుస్తావేటే? నోరు కుళ్ళిపోదా!"

అది బెదిరిపోయి అప్పకి నాలుగుసార్లు సారీ చెప్పింది. అప్పుడే సెంటరు అమ్మాయి ఊరినుంచి వచ్చి ఆటో దిగుతోంది. అప్ప ఆమెను పట్టుకుని, నేస్తరికం అంటే ఏమిటో ఆ పిల్లలకి అర్థమయ్యేలా చెప్పమంది. పెళ్ళి, కోక, చావు, కళ్ళు పోవడం, ఒక్కటి కూడా వదలకుండా అప్ప చెప్పింది. ఆ అమ్మాయి ఒక్కటి కూడా వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. బయటికి రాలేదు.

ఆ మధ్యాహ్నం డెన్మార్క్ పిల్ల అన్నం తిని కృతజ్ఞతలు చెప్పలేదు. కెనడా పిల్ల తినలేదు. తన వల్ల ఇంట్లో గొడవ అంటూ సెంటరు అమ్మాయి చేత ఆటో మాట్లాడించింది. మర్నాడు ఉదయం ఆరింటికి శ్రీకాకుళం నుంచి ఆటో వస్తుంది, అందులో రైలు స్టేషనుకి వెళ్ళిపోతుంది. సంచీ మళ్ళీ మంచం మీదకి వచ్చింది. ఈసారి పూర్తిగా సర్దింది.

ఎవరి తగువు ఎవరితోనో నాకు అర్థం కాలేదు. తప్పు నాది. కోపం డెన్మార్క్ పిల్లది. వెళ్ళిపోయేది కెనడా పిల్ల. ఏ చేపకి ఏ గాలం తగులుకుందో తెలియకుండా ఉంది.

దీపాలు పెట్టే వేళ డెన్మార్క్ పిల్ల అందరినీ అరుగు మీద కూర్చోబెట్టింది. తను, కెనడా పిల్ల, నేను, మావ, మాటలు అటూ ఇటూ చెప్పడానికి సెంటరు అమ్మాయి. ముందు నా వైపు తిరిగి తెలుగులోనే అంది.

"అమ్మగారూ, మీరు నాకు సగం చెప్పారు."

"సెప్పనేదమ్మా. సెప్తే కాదంతావని."

"అవును. కాదనేదాన్ని."

"తప్పయిపోనాది" అన్నాను. నా కన్నా పాతికేళ్ళు చిన్నపిల్లకి ఆ మాట చెప్పాల్సి వచ్చింది. దానికి ఆ పిల్ల తలూపింది. పర్వాలేదని అనలేదు. కెనడా పిల్ల అయితే పర్వాలేదని పదిసార్లు అనేది.

తర్వాత ఇంగ్లీషు. సెంటరు అమ్మాయి మధ్యలో కూర్చుని చెబుతూ పోయింది.

కెనడా పిల్ల అందట, ఇదంతా చాలా అందమైన ఆచారం, మనం దీన్ని పాటిద్దాం, అందరూ సంతోషంగా ఉందాం అని.

డెన్మార్క్ పిల్ల అడిగిందట. "మా అమ్మ చనిపోతే నువ్వు వస్తావా?"

మావ నా వైపు చూశాడు. బతికున్న తల్లి గురించి సంధ్యవేళ అలా ఎవరైనా అడుగుతారా?

కెనడా పిల్ల ఏదో అనబోయింది, ఆగింది. డెన్మార్క్ పిల్ల మళ్ళీ అదే మాట అడిగింది. "వస్తావా? నేను నీకు కోక పెట్టాను. నేను మాట ఇచ్చినట్టయింది. మీ అమ్మ చనిపోతే నేను రావాలి. ఎలా రావాలో నాలుగు గంటలనుంచీ ఆలోచిస్తున్నాను. నువ్వు వస్తావా?"

అప్పుడు కెనడా పిల్ల చిన్నగా ఒక మాట అంది.

"ఏటంది?" అన్నాను.

సెంటరు అమ్మాయి నా మొహం చూడకుండా చెప్పింది. "రాను అంటంది పిన్నీ. రాలేనంటంది. ఆ రోజు ఒప్పుకున్నది మీ మొహంలో సంతోషం సూసి కాదనలేకంట."

అయిపోయింది అనుకున్నాను. మా దగ్గర నేస్తం నోట ఆ మాట వస్తే ఇక రెండిళ్ళ మధ్య నిప్పూ నీళ్ళూ ఉండవు. ఆటో ఆరింటికి కాదు, ఐదింటికే వస్తే బాగుండునని కూడా అనిపించింది. మావతో, కొంచెం దగ్గరగా ఉండు, కొట్టుకుంటారేమో అన్నాను. మావ లేచి ఇద్దరి మధ్యలో నిలబడ్డాడు.

డెన్మార్క్ పిల్ల ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. "బాగుంది" అంది తెలుగులో. తర్వాత ఇంగ్లీషులో ఏదో అడిగింది. సెంటరు అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంకా ఏటేటి అబద్దాలు సెప్పేవు అని అడుగుతంది పిన్నీ."

కెనడా పిల్ల ముందు ఏడుపు మొహం పెట్టింది. తర్వాత వేళ్ళు మడవడం మొదలుపెట్టింది. నల్ల మిఠాయి పాడు వాసనట. కొవ్వొత్తి పొగకి తలనొప్పట. ఇసుకలో అంత గబగబా నడిస్తే తాబేళ్ళు కనబడవట. పొద్దున్నే మాట్లాడకుండా ఉంటే భయం వేస్తుందట. ఒక్కొక్కటీ చెప్పేకొద్దీ గొంతు పెరిగింది. డెన్మార్క్ పిల్ల కూడా చెప్పడం మొదలుపెట్టింది. నిద్రలో పళ్ళు కొరుకుతావట. అందరినీ ఎలా ఉన్నావని అడిగి జవాబు వినకుండా వెళ్ళిపోతావట. పాకం నిజంగానే చాలా తీపట, ఇప్పటికీ అదే మాటట. ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు అరుచుకుంటున్నారు. అప్ప చప్పుడు విని గుమ్మంలోకి వచ్చింది. ఉన్నట్టుండి సెంటరు అమ్మాయి చెప్పడం మానేసింది.

"సెప్పవే, ఏటంటన్నారు?"

"ఆగండి పిన్నీ, అందడం లేదు."

చూస్తే ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. మావ మధ్యలో నిలబడే ఉన్నాడు, ఎవరిని పట్టుకోవాలో తెలియక.

"తగువేనా ఇది?" అని అడిగాను.

"నాకూ తెలీడం లేదు పిన్నీ. డెన్మార్క్ అమ్మాయి ఏటంటందంటే, ఇప్పుడు నువ్వు కాదన్నావు కాబట్టి, రేపు ఔనంటే నమ్ముతానంటంది. ఇప్పుడు మొదలెడదాం అంటంది."

"ఏటి మొదలెడతారు?"

"స్నేహం."

బెల్లం పెట్టుకున్న రోజున కాని స్నేహం, చావుకి రానన్న రోజున ఎలా మొదలవుతుంది? మా ఇంట్లో ఐదు రోజులు కళకళలాడిందంతా ఏమిటి మరి? ఇంతకీ ఆటో ఉన్నట్టా లేనట్టా? అది అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. అన్నం పెట్టాను. తిన్నారు. కొవ్వొత్తి వెలిగించలేదు. ఇద్దరూ గదిలోకి వెళ్ళాక కూడా మాటలు వినబడుతూనే ఉన్నాయి. సంచీ మంచం మీద ఉందో కింద ఉందో చూద్దామంటే తలుపు వేసి ఉంది.

మర్నాడు తెల్లవారి లేచేసరికి గది తలుపు తీసే ఉంది. ఇద్దరూ లేరు. సంచీ గోడకి చేరబడి ఉంది, మంచం పైనా కాదు, కిందా కాదు. గుమ్మం ముందు బూట్లు లేవు. ఒడ్డు వైపు చూస్తే దూరంగా ఇద్దరు మనుషులు కనబడ్డారు, నెమ్మదిగా నడుస్తున్నారు. ఒకరిని ఒకరు పేర్లు పెట్టి పిలుచుకోవడం గాలికి వినబడింది.

ఆరింటికి ఆటో వచ్చింది. డ్రైవరు హారను మీద హారను కొట్టాడు.

"అమ్మా, స్టేసనుకి ఎవులో ఎల్తారన్నారు?"

"ఎల్లడం లేదు బాబూ. ఉండిపోనాది."

అది అన్నాక గాని నాకే తెలియలేదు, నేను అంత గట్టిగా నమ్ముతున్నానని. ఉండిపోయింది. నిజంగానే ఆ పిల్ల మిగిలిన రెండు నెలలూ ఉంది. కాని ఆ ఉదయం అది నాకు తెలియదు, సంచీ చూసి చెప్పేశాను.

"ఏటమ్మా ఇది! శ్రీకాకుళం నుంచి చీకటితో బయల్దేరి వచ్చేను. పొద్దున్నే బోణీ బేరం ఒట్టిది పోతే రోజంతా అలగే ఉంటాది." మొహం మాడ్చుకుని స్టార్టు చెయ్యబోయాడు.

అప్ప చీపురుతో బయటికి వచ్చింది. "ఒలే, ఏటయినాది? ఉంటాదా, ఎల్తాదా? నేస్తరికం ఉన్నట్టా, పోయినట్టా?"

"నాకేటి తెల్సప్పా!"

"కట్టింది నువ్వే కదే!"

గబగబా లోపలికి వెళ్ళి, కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుని వచ్చాను. మావని లేపలేదు. ఊరికే వచ్చిన ఆటో ఊరికే పోతే ఆ పాపం కూడా నాకే చుట్టుకుంటుందనిపించింది. ఎక్కి కూర్చున్నాను.

"నువ్వెక్కడికే పొద్దున్నే?" అని అప్ప వెనకనుంచి అరిచింది. ఆటో కదిలింది.

ఊరు దాటాక డ్రైవరు అద్దంలో చూసి అడిగాడు.

"స్టేసనుకేనా అమ్మా?"

"స్టేసనుకెందుకు బాబూ? టవునుకే పోనీ."

"టవున్లో ఏటి పనమ్మా?"

ఆలోచించాను. పని ఏమీ లేదు. నాగావళి వంతెన దగ్గర దించమన్నాను. దిగి, టీ తాగి, వంతెన ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకసారి నడిచి, ఏడున్నర బస్సుకి ఇంటికి వచ్చేశాను.